మిర్చి తామర పురుగుపై సముద్రపు నాచు కషాయం: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

2021 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిర్చి తోటల్ని కుదిపేసిన నల్ల తామర పురుగు పేరు త్రిప్స్ పార్విస్పైనస్. మన దేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయి మీద దీన్ని మొదట గుర్తించారు. మిర్చి రైతుకు ముందునుంచీ తెలిసిన తామర పురుగు స్కిర్టోత్రిప్స్ డోర్సాలిస్. అది లేత ఆకుల్ని గీకి రసం పీలుస్తుంది, ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, దాన్నే పైముడత అంటాం. కొత్తగా వచ్చింది ఆకుల్నీ వదలదు గానీ దాని అసలు కాపురం పూలలో. పూవు లోపల గుంపుగా చేరి గీకేస్తే పూత రాలిపోతుంది, నిలిచిన పిందె వంకర పోతుంది. ఆ ఏడాది మందు మీద మందు కొట్టినా పురుగు తగ్గని తోటలు ఎన్నో. సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందులు కొట్టినచోట మిత్రపురుగులు పోయి ఉధృతి ఇంకా పెరిగింది.

ఆ తర్వాతే పురుగుమందుల కొట్లలో సీవీడ్ (సముద్రపు నాచు) సీసాలకు గిరాకీ పెరిగింది, "ఇది కొడితే పురుగు దగ్గరికి రాదు" అనే మాటతో. ఆ మాటలో నిజం ఎంతో తేల్చుకోవడానికి పల్నాడు నల్లరేగడిలో, బోరు కింద తేజ రకం వేసిన అర ఎకరంలో ప్లాట్లు ఎలా వేయాలో, కషాయం ఎలా తీయాలో, ఎక్కడ చెడుతుందో ఈ వ్యాసంలో వివరంగా ఉంది.

నాచులో పురుగును ఆపేది ఏది?

అన్ని గందరగోళాలకూ మూలం ఇక్కడే ఉంది. సముద్రపు నాచులో పురుగుకు ఇబ్బంది కలిగించే గుణాలు మూడు రకాలు. అవి మూడూ ఒకే సీసాలోకి రావు.

మొదటిది వాసన, రుచి. గోధుమరంగు నాచుల్లో టెర్పీన్లు, ఫ్లోరోటానిన్లు అనే ఘాటు, వగరు పదార్థాలు ఉంటాయి. కొన్ని ఎర్ర నాచుల్లో క్లోరిన్, బ్రోమిన్ కలిసిన టెర్పీన్లు ఉంటాయి. సముద్రంలో తమను మేసే జీవాల నుంచి కాపాడుకోవడానికి నాచులు వీటిని తయారుచేసుకుంటాయి. టెర్పీన్లు నీటిలో పెద్దగా కరగవు, ఆల్కహాలులో కరుగుతాయి, వేడికీ ఎండకీ పోతాయి. రెండోది పూత. ఆల్జినేట్, క్యారగీనన్ లాంటి జిగురు పదార్థాలు ఆకు మీద పలచని పొరలా ఆరతాయి. మూడోది మొక్క సొంత రక్షణ. లామినారిన్, క్యారగీనన్ లాంటి చక్కెర గొలుసుల్ని మొక్క ఏదో దాడి జరిగినట్టు గుర్తించి, జాస్మోనిక్, సాలిసిలిక్ ఆమ్లాల మార్గాల్లో తన రక్షణ రసాయనాలు పెంచుకుంటుంది. ఇది కొట్టిన పూటే కనిపించే పని కాదు. మొక్కకు కొన్ని రోజులు పడుతుంది.

కొట్లో దొరికే సీవీడ్ ద్రావణాల్లో చాలావాటిని క్షారం వేసి, వేడి చేసి తీస్తారు. ఆ పద్ధతిలో మొదటి గుణం దాదాపు పోతుంది, రెండోది, మూడోది మిగులుతాయి. అందుకే అలాంటి ద్రావణాన్ని వికర్షకం (పురుగును దగ్గరికి రానివ్వనిది) అనుకుని, పూలలో పురుగు నిండాక కొడితే ఏమీ జరగదు. పురుగు రాకముందు కొడితే ఉపయోగం ఉండే అవకాశం ఉంది. మొత్తం వ్యవహారం ఈ తేడా మీదే నడుస్తుంది.

ఈ వాడకానికి పాత ఆధారాలు లేకపోలేదు. ఆస్కోఫిల్లమ్ నోడోసమ్ అనే చలి సముద్రాల గోధుమ నాచు ద్రావణం స్ట్రాబెర్రీ మీద కొడితే ఎర్రనల్లి తగ్గినట్టు 1990లోనే అచ్చయిన పరిశోధన ఉంది. తమిళనాడులో సర్గాసమ్, పడైనా నాచుల సారాల్ని పత్తికాయల్ని పీల్చే ఎర్ర రెక్కల పురుగు మీద పరీక్షించారు. అయితే వీటిలో ఎక్కువ భాగం గదిలో, గాజు పాత్రల్లో చేసిన పరీక్షలు. పొలంలో ఎండ, మంచు, వాన, గాలి అన్నీ ఉంటాయి.

నాచు ఎంపిక, కడగడం

సర్గాసమ్‌ను చూడగానే గుర్తుపట్టవచ్చు. కొమ్మల నిండా మిరియాలంత గాలి బుడగలు ఉంటాయి. పడైనా విసనకర్రలా విప్పుకుని, అడ్డంగా చారలతో, పైన తెల్లటి సున్నపు పూతతో ఉంటుంది. ఉల్వా పలచటి ఆకుపచ్చ కాగితంలా ఉంటుంది. విశాఖ, భీమిలి రాళ్ల మీద ఈ మూడూ దొరుకుతాయి. తీరానికి కొట్టుకొచ్చి ఇసుకలో ఎండినదాన్ని ఏరుకోకూడదు. అది సగం కుళ్లి ఉంటుంది, ఇసుక వదలదు. హార్బరు పక్కన, మురుగు కాలువ కలిసేచోట పెరిగిన నాచూ వద్దు, నీళ్లలో ఉన్న బరువు లోహాల్ని నాచు పీల్చి దాచుకుంటుంది. గోధుమ నాచులు మామూలుగానే ఆర్సెనిక్‌ను కూడబెట్టుకుంటాయి. రాయి మీదినుంచి తీసేటప్పుడు వేరుముద్దతో సహా పీకేయకుండా కత్తితో కోసి, అడుగు భాగం వదిలేయాలి. అప్పుడే మళ్లీ చిగురిస్తుంది. తమిళనాడు తీరాన మన్నార్ సింధుశాఖలోని 21 దీవులు సముద్ర జాతీయ పార్కులో ఉన్నాయి, అక్కడ నాచు తీయడానికి ఆంక్షలున్నాయి. ఆ పక్కనే ఉన్న మండపం వైపు నుంచి ఎండు నాచు కొనేవాళ్లు సరుకు ఎక్కడిదో అడిగి తీసుకోవాలి.

ఈ పరీక్షకు సర్గాసమ్ తీసుకున్నాం. పడైనా మీది సున్నం కషాయంలోకి దిగితే తర్వాత వచ్చే చిక్కు కింద చెప్తాను.

కడగడంలో ఎవరూ ఓపిక చూపరు, పంట మాడేది అందుకే. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మిర్చి ఉప్పును తట్టుకునే పంట కాదు, నేల ఈసీ (ఉప్పు ఎంతుందో చూపే విద్యుత్ వాహకత, మీటరుకు డెసీసీమెన్స్‌లో) 1.5 దాటినప్పటి నుంచే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. తీరంలో సముద్రపు నీటితోనే ఒకసారి జాడించి ఇసుక, గవ్వలు, చిన్న పురుగులు వదిలించాలి. ఇంటికి తెచ్చాక మంచినీటిలో ముంచి, పిండకుండా ఎత్తి, నీరు పారబోయాలి. ఇలా మూడుసార్లు చేస్తే పైన అంటిన ఉప్పు చాలావరకు పోతుంది. చివరి నీటిలో ఈసీ మీటరు పెట్టి చూడండి. మొదట పోసిన మంచినీటి ఈసీకి దగ్గరగా వస్తే చాలు. గంటలకొద్దీ నానబెట్టకూడదు, ఉప్పుతోపాటు మనకు కావలసినవీ కారిపోతాయి.

నీడలో, గాలి ఆడేచోట వలల మీద పలచగా పరిచి ఆరబెట్టాలి. పచ్చి నాచులో 80 నుంచి 90 శాతం నీరే. పది కిలోలు ఆరబెడితే కిలో నుంచి రెండు కిలోలు మిగులుతుంది. చేత్తో విరిస్తే పెళుసుగా విరగాలి. వంగితే ఇంకా తేమ ఉన్నట్టు, పొడి కొట్టి డబ్బాలో పెట్టగానే బూజు పడుతుంది.

రెండు కషాయాలు

నీటి కషాయం: 500 గ్రాముల పొడిని 10 లీటర్ల నీటిలో కలిపి, 60 నుంచి 70 డిగ్రీల మధ్య గంటసేపు ఉంచి, మధ్యమధ్యలో కలుపుతుండాలి. తెర్లనివ్వకూడదు. చల్లారాక ముందు పలుచటి గుడ్డలో, తర్వాత మందపాటి కాటన్ గుడ్డలో వడకట్టాలి. గోధుమరంగులో, కాస్త జిగటగా, సముద్రపు వాసనతో ఉంటుంది. ఇది నూరు శాతం బలం. పిచికారీకి 10 శాతం చాలు, అంటే లీటరు కషాయానికి 9 లీటర్ల నీరు. ఎకరానికి 200 లీటర్ల మందునీరు పడితే 20 లీటర్ల కషాయం, కిలో పొడి, అంటే సుమారు 5 నుంచి 10 కిలోల పచ్చి నాచు కావాలి. ఈ లెక్క మొదట్లోనే చూసుకోవాలి. ఆరుసార్లు కొట్టాలంటే ఆరు కిలోల పొడి ముందే సిద్ధంగా ఉండాలి.

కప్పాఫైకస్ అల్వరేజీ పచ్చి రసం వాడేవాళ్లకు వేరే లెక్క. భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ ఈ ఎర్ర నాచును పచ్చిగానే నలగ్గొట్టి రసం తీసే పద్ధతి రూపొందించింది. మిగిలిన పిప్పి నుంచి క్యారగీనన్ తీస్తారు. ఆ రసాన్ని వివిధ పంటల మీద 2.5 నుంచి 15 శాతం దాకా పరీక్షించారు. అందులో పొటాషియం చాలా ఎక్కువ. పంట బాగా కనిపించిందంటే అది పురుగు తగ్గడం వల్లా, పొటాష్ వల్లా అన్నది విడదీసి చూడాలి.

ఆల్కహాలు సారం: 100 గ్రాముల పొడిని 500 మి.లీ. ఇథనాల్‌లో, మూత బిగించి, చీకట్లో 48 గంటలు ఉంచాలి. వడకట్టి, వెడల్పాటి గాజు పళ్లెంలో పోసి, ఫ్యాను గాలికి 40 డిగ్రీలు దాటకుండా ఆల్కహాలును ఎగిరిపోనివ్వాలి. దగ్గర్లో పొయ్యి, బీడీ, స్విచ్చి నిప్పురవ్వ ఏదీ ఉండకూడదు. మిథనాల్ వాడవద్దు, ఆవిరి పీల్చినా ప్రమాదమే. పళ్లెం అడుగున ముదురు ఆకుపచ్చ జిగురు మిగులుతుంది. దాన్ని నేరుగా నీటిలో వేస్తే ముద్దలుగా తేలుతుంది. ముందు 2 మి.లీ. ట్వీన్ 80 లాంటి ఎమల్సిఫయరు (జిగురును నీటిలో కలిసేలా చేసేది) వేసి చెంచాతో బాగా నూరి, చుక్కచుక్కగా నీరు పోస్తూ పాలలా చేయాలి. ఈ జిగురు 20 లీటర్ల మందునీటికి సరిపోతుంది. ఈ సారం రైతు ఇంటి దగ్గర చేసుకునే పని కాదు. ఇథనాల్‌కు అనుమతులు కావాలి, నిప్పు భయం ఉంది. దీన్ని ఇక్కడ పెట్టింది వాసన, రుచుల ప్రభావం ఎంతో విడిగా చూడటానికే. రెండు ద్రావణాల్లోనూ లీటరుకు 5 గ్రాముల పొడి బలమే ఉంటుంది కాబట్టి పోల్చుకోవచ్చు.

పొలానికి పోకముందు డబ్బాలో పరీక్ష

మూత ఉన్న వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా అడుగున తడి బ్లాటింగ్ కాగితం వేసి, ఒక పక్క మందు కొట్టి ఆరిన మిర్చి ఆకు, రెండో పక్క ఉత్త నీరు కొట్టి ఆరిన ఆకు పెట్టండి. మధ్యలో 20 తామర పురుగుల్ని వదలండి. తడి కుంచెతో తీస్తే నలగవు. గంటకు, 6 గంటలకు, 24 గంటలకు ఏ ఆకు మీద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. ఉత్త ఆకు మీది సంఖ్యలోంచి మందు ఆకు మీది సంఖ్య తీసేసి, రెండింటి మొత్తంతో భాగించి, నూరుతో హెచ్చించాలి. ఉదాహరణకు ఉత్త ఆకు మీద 13, మందు ఆకు మీద 5 ఉంటే తేడా 8, మొత్తం 18, వికర్షణ 44 శాతం. మిగిలిన రెండూ డబ్బా గోడ మీద ఉన్నాయి, అవి లెక్కలోకి రావు. ఒక్క డబ్బా చూసి నమ్మవద్దు, కనీసం పది డబ్బాలు పెట్టాలి. సగం డబ్బాల్లో మందు ఆకును కుడివైపు, సగంలో ఎడమవైపు ఉంచాలి. తామర పురుగు వెలుతురు వైపు నడుస్తుంది, కిటికీ ఏ పక్క ఉంటే ఆ పక్కకే చేరుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, చాలా పరీక్షల్లో వదిలేసేది ఉప్పునీటి పోలిక. కషాయం ఈసీ ఎంత ఉందో అంతే ఈసీ వచ్చేలా మామూలు ఉప్పు, పొటాషియం క్లోరైడు నీటిలో కలిపి ఇంకో వరస డబ్బాలు పెట్టాలి. ఉప్పునీటి ఆకును కూడా పురుగు అంతే వదిలేస్తే, మనం కొలిచింది ఉప్పును, నాచును కాదు. ఆల్కహాలు సారానికి కూడా నాచు లేకుండా ఎమల్సిఫయరు మాత్రమే కలిపిన నీరు పోలికగా ఉండాలి.

ప్లాట్లు

అయిదు రకాలు, ఒక్కోటి నాలుగుచోట్ల, మొత్తం 20 ప్లాట్లు. ఒక్కో ప్లాటు 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, ప్లాటుకీ ప్లాటుకీ మధ్య రెండు సాళ్లు ఖాళీగా వదిలి. ఏ ప్లాటు ఎక్కడన్నది చీటీలు తీసి నిర్ణయించాలి. రకాలు ఇవి: స్ప్రెడరు (మందునీరు ఆకు మీద పరుచుకునేలా చేసేది) కలిపిన ఉత్త నీరు, అదే స్ప్రెడరుతో ఉప్పునీరు, నీటి కషాయం, ఆల్కహాలు సారం, 1500 పీపీఎం (పది లక్షల భాగాల్లో 1500 భాగాల అజాడిరక్టిన్) వేపనూనె లీటరుకు 5 మి.లీ. వేపనూనెను పెట్టింది రైతు చేతిలో ఇప్పటికే ఉన్నది అదే కాబట్టి. నాచు దానికంటే మెరుగ్గా లేకపోతే ఈ శ్రమ ఎందుకన్నది న్యాయమైన ప్రశ్న. ఎకరానికి 200 లీటర్ల చొప్పున ఒక్కో ప్లాటుకు లీటరుంపావు, నాలుగింటికి 5 లీటర్లు పడుతుంది. ఉత్తనీటి ప్లాట్ల నుంచి మొదలుపెట్టాలి, రకం మారినప్పుడల్లా ట్యాంకు, గొట్టం, నాజిల్ కడగాలి.

పిచికారీ నారు నాటడానికి వారం ముందు మడిలో ఒకసారి, నాటిన 15 రోజులకు ఒకసారి, తర్వాత పూత మొదలయ్యే దాకా పది రోజులకోసారి. సాయంత్రం 4 తర్వాతే. ఆకు అడుగు తడవాలి, తామర పురుగు పిల్లలు అక్కడే ఉంటాయి. గుడ్డు ఆకు కణాల లోపల, ప్యూపా ఎక్కువగా నేలలో ఉంటాయి, ఈ రెండు దశలకూ ఏ పిచికారీ సరిగా తగలదు.

లెక్కకు ప్లాటు నడిమి సాళ్లలో 5 మొక్కలు ఎంచి, ఒక్కో మొక్కకు రెండు చిగుళ్లు, పూత వచ్చాక రెండు పూలు తెల్ల కాగితం మీద దులపాలి. పిచికారీకి ముందురోజు, తర్వాత 1, 3, 7, 10 రోజులకు. పెద్ద పురుగుల్ని, పిల్లల్ని విడివిడిగా రాయండి. పెద్దవి పక్క పొలం నుంచి ఎగిరి రావచ్చు, పిల్లలు మాత్రం ఆ మొక్క మీదే పుట్టినవి. నల్ల తామర పురుగులో ఆడది ముదురు గోధుమ నుంచి నలుపు, మగది పసుపు. పసుపు పురుగులన్నీ డోర్సాలిస్ అనుకుంటే లెక్క తప్పుతుంది. నీలి జిగురు అట్టలు ప్లాట్ల మధ్యలో పెట్టకుండా పొలం గట్ల మీదే ఉంచాలి, లేకపోతే అవే పురుగును ఒక వైపు లాగుతాయి.

ఏం కనిపిస్తుంది, దాన్ని ఎలా చదవాలి

ఆల్కహాలు సారం కొట్టిన చిగుళ్ల మీద మొదటి రోజు లెక్కలోనే పెద్ద పురుగులు తగ్గి, మూడో రోజుకు మళ్లీ నిండితే అది వాసన పని. ఎండకు పోయింది. నీటి కషాయంలో మొదటి రోజు తేడా ఏమీ లేకుండా, ఏడో రోజు పిల్లల సంఖ్య తక్కువగా ఉంటే అది మొక్క రక్షణ పని. ఉప్పునీటి ప్లాట్లలోనూ అంతే తగ్గితే ఈ రెండు మాటలూ కొట్టేయాలి. పూలలో మాత్రం దేనికీ పెద్ద తేడా ఆశించవద్దు. మొగ్గ విప్పుకునేటప్పుడు బయటికొచ్చే లోపలి రేకుల మీద మనం కొట్టిన పొర ఉండదు, మిర్చిలో రోజూ కొత్త పూలు వస్తుంటాయి. నల్ల తామర పురుగు స్థిరపడిన తోటలో నాచును నమ్ముకుని మిగతా చర్యలు ఆపేయడం పంటను వదులుకోవడమే. నాచుకు చోటు నారుమడి నుంచి మొదటి పూత దాకా ఉన్న కాలంలో, జిగురు అట్టలు, గట్ల వెంట జొన్న లేదా మొక్కజొన్న సాళ్లు, వేప, మితమైన నత్రజనితో పాటుగా ఉంది.

నత్రజని సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నాచు కషాయం కొత్త చిగురును ప్రోత్సహిస్తుంది. అదే వారంలో యూరియా కూడా దట్టిస్తే మెత్తటి లేత చిగురు గుత్తులుగా వస్తుంది. తామర పురుగుకు అంతకంటే ఇష్టమైన మేత లేదు. "సీవీడ్ కొట్టాక పురుగు ఎక్కువైంది" అని రైతు అంటే మొదట అడగవలసింది యూరియా ఎప్పుడు వేశారని.

చెడే చోట్లు

బోరు నీటిలో కాల్షియం ఎక్కువుంటే కషాయంలోని ఆల్జినేట్ దానితో కలిసి గడ్డకడుతుంది. ట్యాంకు అడుగున బంక తీగలు తేలతాయి, నాజిల్ మూసుకుపోతుంది, సాలు సగంలో ధార ఆగుతుంది. పడైనా వద్దన్నది ఇందుకే, దాని సున్నం నుంచి కూడా కాల్షియం దిగుతుంది. కాల్షియం నైట్రేటు, బోర్డో మిశ్రమాలతో కలపకూడదన్నదీ ఇందుకే. కాపర్ ఆక్సీక్లోరైడుతోనూ వద్దు, రాగి కూడా ఆల్జినేట్‌ను గడ్డకట్టిస్తుంది. గ్లాసు బోరు నీటిలో పదోవంతు కషాయం పోసి అరగంట ఆగండి. గ్లాసు అడుగున తెరలు కనిపిస్తే వాననీరు గానీ ఆర్వో నీరు గానీ వాడండి. కాల్షియం ఎక్కువున్న నీటిలో సబ్బు కూడా విరిగిపోతుంది, కాబట్టి సబ్బు పొడికి బదులు అయానులు లేని స్ప్రెడరు లీటరుకు అర మి.లీ. వేయడం మేలు.

కలిపిన మందునీటి ఈసీ 2 దాటితే కొట్టవద్దు. ఆకు కొనలు, అంచులు ముందు నీరు పట్టినట్టై, తర్వాత కాగితంలా తెల్లబడితే అది ఉప్పు దెబ్బ. దాన్ని తెగులు అనుకుని ఇంకో మందు కొడతారు, మొక్క ఇంకా దిగజారుతుంది. మంచినీటితో ఒకసారి కడిగితే కొంత మేలు.

నీటి కషాయం రెండోరోజుకే పులుస్తుంది, నురగ, గుడ్డువాసన వస్తాయి. చేసిన రోజే కొట్టేయాలి, తప్పకపోతే ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు. పులిసినదాన్ని పంట మీద కొట్టకూడదు. కొట్టిన ఆరు గంటల్లో వాన పడితే మళ్లీ కొట్టవలసిందే.

సీసా కొనేవాళ్లు చూడవలసింది ఇంకోటి ఉంది. 2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వును సవరించి బయోస్టిమ్యులెంట్లను (మొక్క ఎదుగుదలను ప్రేరేపించే పదార్థాల్ని) అందులోకి తెచ్చారు, నాచు సారాలు ఆ కోవలోవే. ఆ నిర్వచనంలోకి పురుగుమందులు రావు. పురుగును ఆపుతుందని, చంపుతుందని అమ్మాలంటే 1968 పురుగుమందుల చట్టం కింద నమోదు ఉండాలి. బయోస్టిమ్యులెంట్‌లో ఏ పురుగుమందైనా 0.01 పీపీఎం మించి ఉండకూడదన్నది నిబంధన. ఇది కాగితం మీది విషయం కాదు. నాచు సీసా కొట్టిన మర్నాటికి పురుగులు రాలిపోయాయంటే అందులో నాచు కానిది ఏదో ఉందని గట్టిగా అనుమానించాలి. నాచుకు అంత వేగం లేదు. అదేమిటో తెలియకుండా కొడితే కోతకు ముందు ఎన్నిరోజులు ఆగాలో తెలియదు, ఎగుమతికి పోయే తేజ కాయలో అవశేషం బయటపడితే నష్టపోయేది రైతే. బిల్లు, బ్యాచ్ నంబరు ఉంచుకుని, అనుమానం వస్తే వ్యవసాయాధికారికి నమూనా ఇవ్వండి.

వడకట్టాక మిగిలిన పిప్పిని మొక్కల మొదట్లో వేయకండి, అందులో ఇంకా ఉప్పు ఉంటుంది. మంచినీటిలో ఒకసారి జాడించి, పశువుల ఎరువు కుప్పలో పలచగా పొరలు పొరలుగా కలిపితే మిగతా చెత్తతో పాటు మాగుతుంది. ఆల్కహాలులో నానిన పిప్పిని మాత్రం ఆరుబయట పూర్తిగా ఆరి, వాసన పోయాకే కుప్పలో వేయాలి.